ఊరు దాటని సైకిలు

అనంతపురంలో వేసవి పొద్దు తొందరగా ఎక్కుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఉదయం ఎనిమిదికే వీపు చురుక్కుమంటుంది. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడిచేవాళ్లు ఆలోపే ఇళ్లకు చేరతారు. ఈమధ్య వాళ్లలో కొందరు దారి మార్చి జిమ్ము మెట్లెక్కుతున్నారు. అక్కడొక గదిలో సైకిళ్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటికి వెనక చక్రం ఉండదు, బెల్లు ఉండదు, క్యారియర్ అసలే ఉండదు. ముందువైపు బరువైన ఇనుప చక్రం ఒకటి, దాన్ని బిగించడానికి చిన్న నాబ్ ఒకటి. గంటసేపు తొక్కినా ఊళ్లోని సప్తగిరి సర్కిల్ కూడా రాదు.

చూసిన పెద్దవాళ్లకు నవ్వొస్తుంది. రావడంలో తప్పేమీ లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా అదను చూసి రాలని నేల ఇది. ఇక్కడ సైకిలంటే పనిముట్టు. రాప్తాడు నుంచో, బుక్కరాయసముద్రం నుంచో పాలక్యాన్లు తగిలించుకుని, కూరగాయల గంప కట్టుకుని ఎదురుగాలిలో టౌనుకు తొక్కుకొచ్చిన మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లకు ఈ గదిని చూపిస్తే, "యాడికీ పోని సైకిలు తొక్కేదానికి దుడ్లు కట్టేది ఏటికప్పా?" అనే అడుగుతారు.

మంచి ప్రశ్నే. డబ్బు కట్టి చేరినవాళ్లు కూడా మొదటిరోజు తమను తాము అడుక్కునే ప్రశ్న అదే.

ఆ మొదటిరోజు ఎవరికైనా ఒకేలా ఉంటుంది. సీటు ఎంత ఎత్తులో పెట్టుకోవాలో తెలీదు. పక్కనున్నవాళ్లను అడగాలంటే మొహమాటం. కూర్చున్న రెండు నిమిషాలకే సీటు రాయిలా అనిపిస్తుంది. ముందు నిలబడి తరగతి నడిపే కుర్రాడు "ఇప్పుడు ఘాటెక్కుతున్నాం, బిగించండి" అంటాడు. ఏది ఘాటో, ఎంత బిగించాలో అర్థం కాదు. కాళ్లు ఆపేద్దామంటే ఆగవు. చాలా తరగతుల్లో వాడే బండ్లలో ఆ ఇనుప చక్రం పెడళ్లకే బిగించి ఉంటుంది, మనం ఆపినా అది కాళ్లను తిప్పుతూనే ఉంటుంది. మన పాత సైకిలు అయితే పల్లంలో కాళ్లు కదపకుండా హాయిగా దిగిపోయేవాళ్లం. ఇక్కడ పల్లమే లేదు. అద్దంలో చూస్తే అందరి కాళ్లూ పాటతో కలిసి తిరుగుతుంటాయి, మనవి మాత్రం తాళం తప్పి ఎక్కడో ఉంటాయి. ఇంటికొచ్చాక రెండురోజులు కుర్చీలో కూర్చోవడానికి కూడా ఆలోచించాలి.

ఇంత జరిగాక ఎవరైనా మళ్లీ ఎందుకు వెళ్తారు? కొందరు వెళ్లరు. మూడు నెలల ఫీజు ఒక్కసారే కట్టేసినవాళ్లు మాత్రం ఉసూరుమంటూ వెళ్తారు. అలా వెళ్లినవాళ్లలో చాలామంది కొన్నాళ్ల తర్వాత చెప్పే మాట వేరుగా ఉంటుంది. సీటు మెత్తబడిందంటారు. మెత్తబడింది సీటు కాదు, వాళ్ల శరీరమే సర్దుకుంది. ఒకటి రెండు వారాల్లో ఆ నొప్పి మామూలుగా తగ్గిపోతుంది. సీటును తుంటి ఎముక ఎత్తుకు పెట్టుకుని, పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండేలా చూసుకుంటే సగం బాధ మొదటిరోజే తప్పుతుంది. ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు దొరకాలి, అంతే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఒక చిన్న విషయం కనిపెట్టారు. వ్యాయామానికి వెళ్లబోయేవాళ్లను ఎంత ఇష్టంగా చేస్తారో ముందే అడిగారు. చేసి వచ్చాక ఎంత ఇష్టంగా చేశారో మళ్లీ అడిగారు. ముందు అనుకున్నదానికన్నా తర్వాత చెప్పిన ఇష్టమే ఎక్కువగా తేలింది. కారణం కూడా వాళ్లే చెప్పారు. వ్యాయామం అనగానే మన మనసు మొదటి కొన్ని నిమిషాల దగ్గరే చతికిలబడుతుంది. లేవడం, బూట్లు వేసుకోవడం, తొలి ఆయాసం, వీటినే తలచుకుని మొత్తం అంతే అనుకుంటుంది. ఆ గుమ్మం దాటాక ఉండే సంగతి దానికి గుర్తుండదు.

బడిగంట, పెళ్లిచూపులు, కొత్త ఉద్యోగంలో మొదటి సోమవారం... మన భయాలన్నీ గుమ్మం దగ్గరే కదా కాచుకుని కూర్చునేది!

మా తరం వాళ్లకు సైకిలు నేర్చుకున్న కథ వేరు. పాతూరు సందుల్లో, సుభాష్ రోడ్డు వెనక బాడుగ సైకిళ్ల అంగళ్లు ఉండేవి. గంటకింత అని లెక్క. నోటుపుస్తకంలో పేరు, టైము రాసి ఇచ్చేవాళ్లు. చేతిలో చిల్లర అర్ధగంటకే సరిపోయేది. ఆ అర్ధగంటలో ఇద్దరు పంచుకునేవాళ్లు, ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు పక్కన పరుగు. చిన్న సైకిలు దొరక్కపోతే పెద్ద అట్లాసో, హెర్క్యులెసో తీసుకుని ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కాంచీ తొక్కుడే. మోకాళ్ల మచ్చలు ఇప్పటికీ సాక్ష్యం. ఆ అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న ఆగిపోయింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే. ఆ వార్త చదివినప్పుడు కాంచీ తొక్కిన మోకాళ్లు ఒకసారి జివ్వుమన్నాయి.

ఆ బాడుగ సైకిలు మీద ఆనందం మొదటి నిమిషంలోనే ఉండేది. పడినా సరే, రెండు గజాలు ముందుకు పోయాం కదా అన్న గర్వం. గాలి ముఖానికి తగిలేది, వీధి వెనక్కి జరిగేది. గదిలోని సైకిలుకు ఆ రెండూ లేవు. అందుకే దాని మీద ఇష్టం ఆలస్యంగా వస్తుంది. చూడటానికి దారి లేదు కాబట్టి మనసు ఊపిరిని చూస్తుంది, పాటను వింటుంది. కొత్తవాళ్లకు ఇది అలవాటు లేని పని. మనం ఒంటిని ఎప్పుడు పట్టించుకున్నాం, నొప్పెట్టినప్పుడు తప్ప?

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్లను చూడండి. గుంట మగ్గంలో కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటారు. కాళ్లు పలకలు తొక్కుతుంటే చేతులు నాడె విసురుతాయి. నేర్చుకునే పిల్లకు మొదట్లో కాలూ చెయ్యీ కలవవు, దారం తెగుతుంది, నడుము నొప్పెడుతుంది. ఒకనాటికి కాళ్లు వాటంతట అవే తొక్కుతుంటాయి, మనిషి పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ నేస్తుంటుంది. ఈ సైకిలు గదిలోనూ అలాంటి రోజు ఒకటి వస్తుంది. కాళ్ల గురించి ఆలోచించడం మానేసిన రోజు.

పాట దానికి సాయం చేస్తుంది. పాట దెబ్బకు సరిగ్గా కాళ్లు కలిపి తొక్కితే, అంతే పనికి ఒంటికి సుమారు 7 శాతం తక్కువ ఆక్సిజన్ చాలిందని 2012లో ఇంగ్లండులో చేసిన ఒక పరిశోధన చెప్పింది. రోకటిపాటలూ నాట్లపాటలూ పుట్టిన ఇళ్లలో ఈ సంగతి కొత్తేమీ కాదు. కాకపోతే మన జిమ్ముల్లో పాట గోడలు అదిరేలా ఉంటుంది. చిరంజీవి పాత పాట ఒకటి పడితే మాత్రం యాభై దాటినవాళ్ల కాళ్లు కూడా కుర్రాళ్ల కాళ్లతో పోటీ పడతాయి.

ఇలాంటి తరగతులు మొదలుపెట్టిన మనిషి జానీ గోల్డ్‌బర్గ్ అనే దక్షిణాఫ్రికావాడు. 1980ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో. అంతకుముందు కూడా కదలని సైకిళ్లు ఉన్నాయి. 1912లో మునిగిన టైటానిక్ ఓడ జిమ్ములోనూ ఉన్నాయి, సముద్రం మధ్యలో! మన జిమ్ముల్లో దాని పక్కనే ఉండే ట్రెడ్‌మిల్ కథ తెలిస్తే సైకిలు మీద గౌరవం పెరుగుతుంది. ట్రెడ్‌మిల్ 1818 ప్రాంతంలో ఇంగ్లండు జైళ్లలో ఖైదీలకు శిక్షగా పుట్టిన యంత్రం. సైకిలు అలా పుట్టలేదు.

ఈ తరగతుల్లో మంచి గుణం ఒకటుంది. ఎవరు ఎంత బిగించారో పక్కవాళ్లకు తెలీదు. "ఘాటెక్కుతున్నాం" అనగానే అందరూ నాబ్ మీద చెయ్యి వేస్తారు. ఒకరు రెండు చుట్లు తిప్పుతారు, ఒకరు తిప్పినట్టు నటిస్తారు. గది ఒకటే, పాట ఒకటే, ఎవరి మిట్ట వారిదే. రోడ్డు మీద కలిసి తొక్కితే వెనకబడ్డవాడు అందరికీ కనిపిస్తాడు. ఇక్కడ వెనకబడటమే లేదు. మాట్లాడలేనంత ఆయాసం వచ్చేదాకా లాగితే ఎవరికైనా విసుగే పుడుతుంది. రెండు ముక్కలు మాట్లాడగలిగేంతలో ఆగితే ఇష్టం నిలుస్తుంది. కొత్తవాళ్లు నటించాలి, తప్పు లేదు.

నటించకుండా మొదటిరోజే మొనగాడిలా తొక్కినవాళ్లు ఆస్పత్రి పాలైన సంగతులు అమెరికా డాక్టర్లు 2017లో రాశారు. కండరాలు దెబ్బతిని, మూత్రం నల్లగా మారి, మూత్రపిండాలకు ముప్పొచ్చింది. మన ఎండకు ఒంట్లో నీళ్లు ముందే తక్కువ. కాబట్టి మొదటి వారం సగం తరగతితో దిగిపోయినా ఎవరూ చిన్నచూపు చూడరు.

ఈ గదుల్లో మనసు ఆగే మనుషులు మాత్రం వేరే ఉన్నారు. యాభై దాటిన ఆడవాళ్లు.

కమలానగర్‌లోనో సాయినగర్‌లోనో ఉండే ఒకావిడను ఊహించుకోండి. చిన్నప్పుడు అన్న సైకిలు నేర్చుకుంటుంటే వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తింది ఆమే. అన్నకు వచ్చేసింది. ఆమె వంతు రాలేదు. "పావడా చక్రంలో పడుతుంది" అన్నారు. "ఆడపిల్లకు సైకిలేంది" అన్నారు. తర్వాత పెళ్లి, పిల్లలు, మోకాళ్ల నొప్పులు. డాక్టరు కదలమన్నాడు, కూతురు బెంగళూరు నుంచి ఫోనులో పోరు పెట్టింది. అలా వచ్చింది ఈ గదికి. పెడల్ మీద కాలు పెట్టడం ఆమెకు జీవితంలో ఇదే మొదలు. ఈ సైకిలు పడదు. ఎవరూ అరుగు మీద కూర్చుని చూసి నవ్వరు. లైట్లు సగం ఆర్పేస్తారు కాబట్టి చెమట పట్టిన ముఖం కూడా ఎవరికీ కనపడదు.

నిజం చెప్పాలంటే ఈ సైకిలు బ్యాలెన్సు నేర్పదు. ఇక్కడ గంట తొక్కినావిడ బయట టవర్ క్లాక్ దాకా తొక్కలేకపోవచ్చు. అయినా ఆమె ముఖంలోని ఆ కాస్త వెలుగు చూస్తే, ఎక్కడికీ పోని సైకిలు అని నవ్వబుద్ధి కాదు.

పక్క రాష్ట్రంలో ఇంతకన్నా పెద్ద కథ జరిగింది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో, అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేలాదిమంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ అండగా నిలిచారు. పాలగుమ్మి సాయినాథ్ 1996లో వెలువరించిన కరువు పుస్తకంలో వాళ్ల గురించి రాశారు. కరువు గురించిన పుస్తకంలో సైకిలెక్కి నవ్వుతున్న ఆడవాళ్లు! కరువుసీమ వాళ్లం మనం ఆ పేజీల దగ్గర ఎక్కువసేపు ఆగుతాం.

మన జిల్లాలోనూ 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), ఊళ్లలో ఆడపిల్లలు హైస్కూలుకు పోవడానికి సైకిళ్లు ఇచ్చింది. పొద్దున్నే ఊరి దారుల్లో ఇద్దరిద్దరుగా, ముచ్చట్లు చెప్పుకుంటూ తొక్కుకుపోయే అమ్మాయిలను చూస్తుంటాం. వాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్ల అమ్మమ్మలు మాత్రం ఆ దారిలో గుమ్మం దగ్గరే నిలబడి చూశారు. ఆ అమ్మమ్మల తరమే ఇప్పుడు జిమ్ము గదిలో సీటు ఎత్తు సరిచేసుకుంటూ కనిపించేది.

మరి కొత్తవాళ్లకు ఈ తరగతులు నచ్చుతాయా అంటే, మెల్లగా నచ్చుతాయి. మొదట ఒళ్లు అలవాటుపడుతుంది, ఆ తర్వాత పాట వినబడుతుంది, చివరికి పక్కనున్న మనిషి కనబడుతుంది. కొందరికి ఎప్పటికీ నచ్చకపోవచ్చు. వాళ్లకు మైదానం ఉంది, చెట్టు నీడన నడక ఉంది, దాంట్లో తక్కువేమీ లేదు. నచ్చినవాళ్లను అడిగితే చాలామంది సైకిలు పేరు చెప్పరు. "మా బ్యాచ్" అంటారు. వరసలో మూడో సైకిలు ఖాళీగా ఉంటే "ఈ రోజు అక్క రాలేదేంటి?" అని ఒకరు ఫోను చేస్తారు. కొత్తగా చేరినావిడకు ఆ ఫోను వచ్చిన రోజు నుంచి సీటు గురించి ఫిర్యాదు ఉండదు.

మీరు ఇలాంటి తరగతికి పాతవారైతే ఒక చిన్న మాట. రేపు తలుపు దగ్గర తటపటాయిస్తూ ఎవరైనా నిలబడి ఉంటే, మీ పక్క సైకిలు చూపించండి. సీటు ఎత్తు సరిచేసి పెట్టండి. నాబ్ ఎటు తిప్పితే వదులవుతుందో ముందు చెప్పండి, ఎటు తిప్పితే బిగుస్తుందో తర్వాత చెప్పొచ్చు. మూడు వారాలు రమ్మనండి. అప్పటిదాకా నచ్చిందా అని మాత్రం అడగకండి.