ధాతువు – ఒకే మాట, ఎన్నో శాస్త్రాలు

శాస్త్ర పరిభాషలో ఒక మాటకు ఒకే అర్థం ఉండాలనీ, అలా లేకపోవడమే మన భాషకు పెద్ద లోపమనీ వాదించేవారు తరచూ తారసపడుతుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, "ధాతువు" అనే మాట ముందు ఈ వాదం నిలవదని నా అభిప్రాయం.

వ్యాకరణం చదివినవారికి ధాతువంటే క్రియకు మూలరూపం. పాణినీయ ధాతుపాఠంలో ఇటువంటివి సుమారు 2000 ఉన్నాయి. ఆయుర్వేదంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం – ఇవి సప్తధాతువులు. (గోడలమీది "ధాతుపుష్టి" ప్రకటనలు మాత్రం ఏడోదాన్నే పట్టించుకుంటాయి. తక్కిన ఆరూ ఏం పాపం చేశాయో!) మన నాటువైద్యులు చేయి పట్టుకొని "ధాతువు" చూసినప్పుడు దానర్థం నాడి. మేఘదూతంలో యక్షుడు రాతిమీద ప్రియురాలి బొమ్మ గీసింది ధాతురాగంతో, అంటే కొండల్లో దొరికే జేగురు వంటి రంగురాతితో. ఇక బౌద్ధులకు ధాతువంటే బుద్ధుని శరీరావశేషం. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలోనుంచి వెలికితీసిన భరిణెలు అటువంటి ధాతువులను భద్రపరచినవే. సింహళంలో స్తూపాన్ని "దాగబ" అంటారు. అది "ధాతుగర్భ" శబ్దానికి వికృతి.

ఇంత దూరదూరంగా కనిపించే అర్థాలకు మూలం ఒక్కటే. "ధా" అంటే ఉంచుట, ధరించుట. దేనిని ఆధారంగా చేసుకొని మిగిలినదంతా నిలుస్తుందో అది ధాతువు. మాటకు ఆధారం క్రియామూలం, దేహానికి ఆధారం రసరక్తాదులు. చితిలో మిగిలిన అస్థి కూడా ఆ ఏడింటిలో ఒకటే కనుక, అవశేషమనే అర్థం అక్కడినుంచి వచ్చిందనుకోవడం నాకు సహజంగా తోస్తుంది.

వైయాకరణుడూ వైద్యుడూ ఒకరి ధాతువును మరొకరిదిగా పొరబడిన సందర్భం నాకైతే తెలియదు. ఆంగ్లంలో మాత్రం? నెత్తుటిలోని ద్రవానికి ఉన్న ప్లాస్మా అనే పేరునే 1928లో లాంగ్‌మ్యూర్ అయనీకృత వాయువుకూ పెట్టాడు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది: ఒకే శాస్త్రంలో ఒకే మాట రెండు అర్థాలిచ్చినప్పుడు. హిందీలో "ధాతు" అంటే లోహం. మన రసాయనశాస్త్ర పాఠాల్లో ధాతువంటే లోహాన్ని తీయడానికి పనికివచ్చే ముడి ఖనిజం. బాక్సైటు ధాతువు, అల్యూమినియం లోహం. హిందీ పాఠాన్ని చూసి "అల్యూమినియం ఒక ధాతువు" అని తెలుగులో దించేస్తే, చదివే పిల్లవాడికి రాయీ లోహమూ ఒకటైపోతాయి. సంస్కృత పదమే కదా, రెండు భాషల్లోనూ ఒకటే అయి ఉంటుందిలే అన్న ధీమా దీనికి కారణం. అనువాదకులు సరిచూసుకోవలసినది ఈ ఇరుగుపొరుగు అర్థాలనే; పాణిని, చరకులు చేసిన వాడుకను కాదు.