యంత్రం బాగున్నా గడువు తీరితే

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సాధారణ మద్దతును ముగించింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 భద్రతా సదుపాయం, సంస్థ ఆమోదించిన ప్రాసెసర్ తప్పనిసరి. దీంతో చక్కగా నడుస్తున్న కంప్యూటర్లెన్నో అర్హత కోల్పోయాయి.

ఉచితంగా లభించే లినక్స్ ఒక ప్రత్యామ్నాయం. వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ వల్ల విండోస్ ఆటలు అనేకం అందులోనూ నడుస్తున్నాయి. అయితే, మోసాల నిరోధక వ్యవస్థల కారణంగా వాలొరంట్ వంటి పోటీ ఆటలకు ఆ వీలు లేదు.

పాత కంప్యూటర్‌పైనే చదువు, ఉపాధి సాగించే కుటుంబాలకు ఇది వినోదానికి పరిమితమైన సమస్య కాదు. పరికరం కొన్నవారిదే అయినా, దాని ఆయుష్షును నిర్ణయిస్తున్నది సాఫ్ట్‌వేర్ సంస్థ. భారత ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగాలతో పాటు సాఫ్ట్‌వేర్ మద్దతు గడువునూ కొనుగోలు వేళే స్పష్టంగా వెల్లడిస్తేనే ఆ హక్కు సంపూర్ణమవుతుంది.