ముందు భోజనం, తర్వాతే ప్రశ్న



డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మన పల్లె మందిరాల్లో చాపలు చాలవు. ఏడాదంతా కనబడనివారు ఆ రాత్రి కనబడతారు. హైదరాబాదు పనికి వెళ్ళి అక్కడ ఆరాధన మానేసిన కుర్రవాళ్ళు, కువైట్ నుండి సెలవు మీద వచ్చిన అక్కలు, సంఘంలో ఎవరో ఏదో అన్నారని ఇంట్లోనే ఉండిపోయిన పెద్దవాళ్ళు. వారిలో ఒకరిద్దరు జనవరి మొదటి ఆదివారం కూడా వస్తారు. మేము చెప్పదలచింది ఆ ఒకరిద్దరి గురించే.

చాలాచోట్ల గుమ్మంలోనే వారికి ఎదురయ్యే మాట, "ఏమయ్యా, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?" నవ్వుతూనే అంటారు గానీ గుచ్చుకుంటుంది. ఇంకొన్ని చోట్ల వెంటనే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమంటారు. ఎందుకు తప్పిపోయారో నలుగురిలో చెప్పించాలని ఆత్రం. ఇది తగదని మా అభిప్రాయం.

పేతురు సంగతి చూడండి. ప్రధానయాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో తనకు తెలియదన్నాడు. యోహాను సువార్త 21వ అధ్యాయానికి వచ్చేసరికి మళ్ళీ పడవ, మళ్ళీ వల. తెల్లవారాక ఒడ్డున నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె. గ్రీకులో బొగ్గుల మంటకు వాడిన ఆ మాట కొత్త నిబంధనలో ఈ రెండు చోట్లే ఉంది. అంటే ఆ రాత్రి సంగతి అక్కడ ఎవరూ మరచిపోలేదు. అయినా ప్రభువు ముందు తినడానికి పిలిచాడు. (పడిన చేపలు 153 అని లెక్క కూడా రాసిపెట్టాడు యోహాను. జాలరి బుద్ధి ఎక్కడికి పోతుంది!)

తిన్న తర్వాతే ప్రశ్న వచ్చింది. అదైనా "ఎందుకు బొంకావు" అని కాదు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడోసారి అడిగేసరికి పేతురు నొచ్చుకున్నాడు. నొప్పి లేకుండా తిరిగి రావడం కుదరదు, నిజమే. కానీ ఆ నొప్పి కడుపు నిండాక వచ్చింది. వెంటనే గొర్రెలను మేపే పని కూడా చేతికి వచ్చింది.

మరి క్రమశిక్షణ అక్కర్లేదా అంటారు కొందరు పెద్దలు. కావాలి. అప్పు ఎగ్గొట్టినవాడు తీర్చాలి, భార్యను కొట్టేవాడు మానాలి, అక్కడ మెతకదనం వద్దు. అయితే చాలామంది అలా దూరమైనవారు కారు. నైట్ డ్యూటీ చేసి ఆదివారం పొద్దున నిద్రపోయారు. ఒక నెల తప్పింది, రెండు నెలలు తప్పింది, ఆ తర్వాత సిగ్గు అడ్డం వచ్చింది. గుమ్మంలో వేసే ప్రశ్న ఆ సిగ్గునే పెంచుతుంది.

తిరిగి వస్తున్నవారికీ ఒక మాట. నలభై రోజుల ఉపవాసంతో మొదలుపెట్టకండి. పడుకునే ముందు ఒక కీర్తన చదవండి, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని అయిదు నిమిషాలు ప్రార్థన చేయండి. బైబిలు ఫోనులో చదివినా తప్పులేదు.

ఇక సంఘస్థులారా, వెనక చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా ఎవరో ఒకరు ఒంటరిగా కూర్చుని ఉంటారు. వచ్చే ఆదివారం వారి పక్కన కూర్చోండి. పాటల పుస్తకం వారి వైపు కొంచెం జరపండి. ఆరాధన అయ్యాక, భోజనానికి ఇంటికి రమ్మనండి.