మంచులో గడ్డి ఇళ్ళ ఊరు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం



పోయిన ఆదివారం హాస్టల్లో టిఫిన్ అయ్యాక మా రూములో ఆరుగురం ఒకే ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ఒక తమ్ముడు వీడియో పెట్టాడు. జపాన్‌లో కొండల మధ్య ఒక ఊరు. మనిషి ఎత్తు మంచు. ఆ మంచులో గడ్డి కప్పిన పెద్ద పెద్ద ఇళ్ళు, కిటికీల్లో దీపాలు. వాడు అడిగాడు: "అన్నా, వీళ్ళవీ గడ్డి ఇళ్ళేనా? మరి మనది గడ్డి ఇల్లంటే కాలేజీలో ఎందుకు నవ్వుతారు?"

మాలో ఎవరికీ వెంటనే జవాబు రాలేదు. ఆ వారమంతా దొరికింది దొరికినట్టు చదివాం. మాకు పాస్‌పోర్టులే లేవు, జపాన్ వెళ్ళొచ్చామని చెప్పడం లేదు. కానీ చదివాక మాకొక అభిప్రాయం వచ్చింది. అది మీ ముందు పెడుతున్నాం.

ఆ ప్రాంతం పేరు షిరకావా-గో. గిఫు రాష్ట్రంలో, హకుసాన్ కొండల పక్కన, షోగావా నది ఒడ్డున ఉంటుంది. అందులో ముఖ్యమైన ఊరు ఒగిమాచి. నది వెంట ఇంకా కిందికి పోతే తొయామా రాష్ట్రంలో గొకయామా ప్రాంతం, అక్కడ ఐనొకురా, సుగనుమా అని రెండు చిన్న ఊళ్ళు. ఈ మూడు ఊళ్ళను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్ళ కప్పు దణ్ణం పెట్టిన రెండు చేతుల్లా ఉంటుంది. అందుకే వాటిని 'గాష్షో' ఇళ్ళు అంటారు, అంటే జోడించిన చేతులు. కప్పు వాలు సుమారు 60 డిగ్రీలు, మంచు బరువుకు ఇల్లు కూలకుండా. కప్పు వాసాలకు మేకులు కొట్టరు. గడ్డి తాళ్ళతో, వంగే చెట్టు కొమ్మలతో కడతారు. అటకల మీద పూర్వం పట్టుపురుగులు పెంచేవారు. ఇంటి మధ్యలో 'ఇరోరి' అనే పొయ్యి ఉంటుంది. దాని పొగ పైకి పోయి గడ్డికి పురుగు పట్టకుండా కాపాడుతుంది. ఇది చదివినప్పుడు మాలో ఇద్దరికి ఒకేసారి అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ పొయ్యి మీద అటక కట్టి, విత్తనాల మొక్కజొన్న కంకులు పొగలో వేలాడదీస్తారు. పొగ ఏం చేస్తుందో మా అమ్మమ్మకూ తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదంతే.

కప్పు గడ్డి 30, 40 ఏళ్లకోసారి మార్చాలి. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఊరంతా వస్తుంది, వంద మంది, రెండు వందల మంది. ఈ రోజు మీ ఇంటికి మేం, రేపు మా ఇంటికి మీరు. దీన్ని 'యుయి' అంటారు. మన ఊళ్ళల్లో ఇల్లు లేపేటప్పుడు, నాట్లప్పుడు జరిగేది ఇదే గదా. మనం దానికి పేరు పెట్టి బోర్డు రాయలేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఊరు మంచు వల్ల నిలబడలేదు, యునెస్కో వల్లా కాదు. 1950ల తర్వాత అక్కడి కొండ ఊళ్ళు ఖాళీ అవడం మొదలైంది. అదే నది మీద 1961లో మిబోరో డ్యామ్ పూర్తయింది, పైనున్న ఊళ్ళు నీళ్ళలో మునిగాయి. పట్నాల నుంచి వచ్చినవాళ్ళు పాత ఇళ్ళు కొని విప్పుకుని పట్టుకుపోయారు. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన మిత్రులు మా హాస్టల్లో ఉన్నారు, వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పుడు ఒగిమాచి జనం 1971లో కూర్చుని ఒక సంఘం పెట్టుకుని మూడు మాటలు రాసుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. ప్రభుత్వం ఆ ఊరిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది 1976లో. యునెస్కో వచ్చింది 1995లో. ముందు ఊరు నిర్ణయించుకుంది. మిగతావాళ్ళు వెనక వచ్చారు.

మన దగ్గర ఏమంటున్నారు? 1/70 చట్టం వల్ల ఏజెన్సీలో టూరిజం పెరగడం లేదు, గిరిజనేతరులకు భూమి దొరికితే రిసార్టులు వస్తాయి, మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి అంటున్నారు. మా క్లాసులోనే ఇద్దరు ముగ్గురు ఇలా వాదిస్తారు, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు మేం ఒగిమాచిని చూపిస్తాం. బయటివాళ్ళకు అమ్మం, అద్దెకివ్వం అని రాసుకున్న ఊరికి ఇప్పుడు ఏటా పది లక్షల మందికి పైగా వస్తున్నారు. అక్కడ రాత్రి బస ఇచ్చేది ఆ ఇళ్ళవాళ్ళే. మిన్‌షుకు అంటారు, ఇంట్లోనే అతిథులను పెట్టుకోవడం. వంట ఆ ఇంటి ఆమెది, పొయ్యి ఆ ఇంటిది, డబ్బు ఆ ఇంటికి. భూమి చేతిలో ఉంటే మనం ఇంటి యజమానులం. భూమి పోయాక అదే చోట వాచ్‌మన్‌లం, రూములు ఊడ్చేవాళ్ళం, సాయంత్రం మంట చుట్టూ థింసా ఆడేవాళ్ళం.

అక్కడ అంతా బాగుందని మేం అనడం లేదు. ఆ గ్రామ పంచాయతీ మొత్తం జనాభా సుమారు 1,500. అంతమంది మధ్యకు లక్షల మంది వస్తే ఏమవుతుందో ఆలోచించండి. 2008లో ఎక్స్‌ప్రెస్ రోడ్డు పూర్తయ్యాక చాలామంది పొద్దున వచ్చి, ఫోటో దిగి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతున్నారు. అడగకుండా ఇళ్ళల్లోకి తొంగిచూసేవాళ్ళతో అక్కడివాళ్ళూ విసిగిపోయారు. జనవరి, ఫిబ్రవరిలో కొన్ని సాయంత్రాలు ఇళ్ళకు దీపాలు వేసి చూపిస్తారు. తొక్కిసలాట ఎక్కువై 2019 నుంచి ముందే బుక్ చేసుకున్నవాళ్ళనే రానిస్తున్నారు. ఊరి బయట నది అవతల బండి ఆపి, వేలాడే వంతెన మీదుగా నడిచి రావాలి. బయట సిగరెట్ కాల్చకూడదు, గడ్డి ఇళ్ళు గదా. చెత్త వెంట తీసుకుపోవాలి. వద్దు అనగలిగారు కాబట్టే ఆ ఊరు ఇంకా ఊరుగా ఉంది.

చలికాలం లంబసింగి రోడ్డు చూడండి. తెల్లవారుజామున వందల బండ్లు. పొద్దెక్కాక రోడ్డు పక్కన పళ్ళేలు, సీసాలు. ఎవరో వచ్చి మన అవ్వ ముఖం మీద కెమెరా పెడతారు, ఆమె పేరు కూడా అడగరు. ఆమె వద్దంటే వినే మనిషి లేడు.

ఒక తేడా నిజాయితీగా చెప్పాలి. షిరకావా-గో జనం మనలా ఆదివాసులు కారు. జపాన్ ఆదివాసులు ఉత్తరాన హొక్కైదోలోని ఐనూలు. వాళ్ళను ఆదివాసులుగా గుర్తిస్తూ చట్టం వచ్చింది 2019లోనే. ఆ బాధ వేరే, దాని మీద ఇంకోసారి రాస్తాం. ఇంకో తేడా, జపాన్ డబ్బున్న దేశం, కప్పు మార్చడానికి ప్రభుత్వం సాయం చేస్తుంది. మన దగ్గర గడ్డి ఇంట్లో ఉండమని ఎవరికీ చెప్పే హక్కు మాకు లేదు. వానాకాలం కారే కప్పు కింద చదువుకున్నవాళ్ళం మేమే. స్లాబ్ ఇల్లు కావాలంటే కట్టుకోవాలి. మా బాధ గడ్డి గురించి కాదు, నిర్ణయం ఎవరిది అన్న దాని గురించి.

ఒగిమాచికి రాసుకున్న మాట ఒక్కటే ఉండింది. మనకు చట్టమే ఉంది. 1/70 ఉంది, 1996 పెసా చట్టం ఉంది, 1997 సమతా తీర్పు ఉంది. కానీ బినామీ పేర్లతో భూమి జారిపోతోంది. సంతకం పెట్టేది మనవాడే, అదే మనకు సిగ్గు. అందుకే మేం అడిగేది చిన్నది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు, పర్యాటకులు వచ్చే ప్రతి ఊళ్ళో గ్రామసభలో ఈ మాట ఎత్తండి. ఎవరికీ భూమి రాసివ్వం. బస పెడితే మన ఇళ్ళల్లోనే, మన పేరు మీదే. ఫోటోకు ముందు అడగాలి, చెత్త తీసుకుపోవాలి. నాలుగు ముక్కలు తీర్మానం పుస్తకంలో రాయించి, ఊరి మొదట్లో బోర్డు పెడదాం.

రేపు మనలో ఎవరికైనా ఉద్యోగం వచ్చి జపాన్ పోయే రోజు వస్తే తప్పకుండా వెళ్ళండి. తకయామా నుంచి, కనజావా నుంచి బస్సులున్నాయి. 'కంజికి' కట్టుకుని మంచులో నడవండి, గొకయామాలో కొకిరికో పాట వినండి. కానీ ఫోటో దిగి వెనక్కి రాకండి. ఒక రాత్రి వాళ్ళ ఇంట్లో ఉండండి, డబ్బు వాళ్ళకే చేరనివ్వండి. పొయ్యి దగ్గర కూర్చుని, 1971లో ఊరంతా ఒక్క మాట మీదికి ఎలా వచ్చింది, ఒప్పుకోనివాళ్ళను ఎలా ఒప్పించారు అని అడగండి. ఆ జవాబు మన ఊళ్ళకు కావాలి.

ఆ తమ్ముడి ప్రశ్నకు మా జవాబు: నవ్వేవాళ్ళు గడ్డిని చూసి నవ్వడం లేదురా. మన ఊరి గురించి మాట్లాడేది మనం కాదనుకుని నవ్వుతున్నారు.

మీ ఊళ్ళో పరిస్థితి ఏంటో కింద రాయండి. తప్పు చెప్పి ఉంటే సరిదిద్దండి.

జోహార్.