నోటరీగారు ఊళ్లోకి రాకూడదా?

పామర్రు సెంటర్లో పొద్దున పూట బస్సు కోసం నిలబడ్డవాళ్లలో కాగితాల సంచి చంకన పెట్టుకున్న కూలివాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనపడతారు. గుడివాడకో, బందరుకో, కోర్టు ఆవరణ దాకా పోవాలి వాళ్లు. ఒకరికి ఆధార్ కార్డులో ఒక పేరు, పాసు పుస్తకంలో ఇంకో పేరు పడింది. "ఆ రెండు పేర్లూ నావే" అని నోటరీ ముందు ప్రమాణపత్రం చేసి తెమ్మన్నారు. ఇంకొక ఆడమనిషికి మొగుడు పోయాడు, బ్యాంకులో ఉన్న నాలుగు డబ్బులు చేతికి రావాలంటే వారసులెవరో అఫిడవిట్ కావాలన్నారు. పని చూస్తే అరగంటది. పోయేది మాత్రం ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు, స్టాంపు కాగితం ఖరీదు, టైపు కొట్టినందుకు, ముద్ర వేసినందుకు, మధ్యలో దారి చూపించినందుకు. నాట్ల రోజుల్లోనో, కోతల రోజుల్లోనో ఈ పిలుపు వచ్చిందంటే ఆ వారం పొయ్యి మీద దెబ్బ పడ్డట్టే.

నోటరీ అంటే ఎవరు? 1952 నోటరీల చట్టం, దాని కింద 1956లో చేసిన నియమాలు ఈ పని ఎవరిదో, ఎలా చేయాలో చెప్పాయి. పదేళ్లు ప్రాక్టీసు చేసిన వకీలు కావాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి, స్త్రీలకు ఏడేళ్లు చాలు. వకీళ్లు కోర్టుల దగ్గర ఉంటారు, కాబట్టి నోటరీలూ అక్కడే ఉంటారు. కోర్టుకి ఆమడ దూరంలో ఉన్న ఊరి సంగతి ఈ ఏర్పాటులో ఎవరూ ఆలోచించలేదు. అమెరికాలో బ్యాంకు గుమాస్తా కూడా నోటరీ కావచ్చు. పిలిస్తే ఇంటికొచ్చి సంతకం తీసుకుపోయే నోటరీలు అక్కడ వేలమంది. వర్జీనియా రాష్ట్రంలో 2012 నుంచి తెర మీద మొహం చూసి ముద్ర వేసే పద్ధతి కూడా అమలైంది. మనం అంత దూరం అడగటం లేదు. తెర మీద నోటరీ తర్వాత సంగతి, ముందు చెట్టు కింద నోటరీ వస్తే చాలు.

ఆ రావటానికి చట్టం అడ్డమా అంటే, కాదు. 1956 నియమాల్లో పదో నిబంధన నోటరీ తీసుకోవలసిన ఫీజులు చెప్పి, దానితోపాటే ప్రయాణం చేయాల్సొస్తే కిలోమీటరుకి ఇంతని దారి ఖర్చు తీసుకోవచ్చని కూడా చెప్పింది. అంటే నోటరీ కుర్చీ దిగి జనం దగ్గరికి వెళ్తాడని చట్టం రాసినవాళ్లే ఊహించారు. డబ్బున్నవాళ్లు కారు పంపిస్తే ఇంటికొచ్చే నోటరీలు లేకపోలేదు. ఒక్క మనిషికి ఆ దారి ఖర్చు భారమే. అదే కురుమద్దాలిలోనో, పసుమర్రులోనో నలభై మందికి పని ఉండి అందరూ ఒకే రోజు పెట్టుకుంటే తలకి టీ ఖర్చు పడుతుంది. ఆ ప్రాంతంలో పనిచేసే అధికారం ఆయనకి ఉందో లేదో ముందే చూసుకోవాలి, అంతే.

ఎవరు వచ్చినా నాలుగు గుర్తులు చూడాలి. నోటరీ ముద్ర గుండ్రంగా, అయిదు సెంటీమీటర్ల అడ్డకొలతతో ఉంటుంది. అందులో ఆయన పేరు, నియమించిన ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. పని చేసిన ప్రతిసారీ రిజిస్టరులో ఎక్కించి, మన సంతకమో వేలిముద్రో అందులో తీసుకోవాలి. పుచ్చుకున్న డబ్బుకి రశీదు ఇవ్వాలి. ఫీజుల పట్టిక ఆఫీసు లోపలా బయటా కనపడేట్టు పెట్టాలి. ఈ నాలుగూ నియమాల్లో ఉన్నవే, మన గొంతెమ్మ కోరికలు కావు. "రశీదు ఇవ్వండి" అని అడగ్గానే రేటు సగానికి దిగటం మేము చాలాసార్లు చూశాం. రిజిస్టరు లేకుండా, మనిషి మొహం చూడకుండా, కట్టలు కట్టలుగా ముద్ర కొట్టి పంపించేవాళ్లూ ఉన్నారు. ఆ కాగితం రేపు తగాదాలో నిలబడదు. నోటరీ కానివాడు నోటరీనని చెప్పుకుంటే అదే చట్టం కింద జైలు శిక్ష పడుతుంది.

అసలు ముందు వేయాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ పనికి నోటరీ కావాలని ఎవరన్నారు? నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకాలు, చీటికీ మాటికీ అఫిడవిట్లు వద్దని, మనిషి తానే సంతకం చేసి ధ్రువీకరిస్తే చాలని 2014లో కేంద్ర ప్రభుత్వం అన్ని శాఖలకీ, రాష్ట్రాలకీ చెప్పింది. అయినా కౌంటరు వెనక గుమాస్తా నోట "నోటరీ తీసుకురా" అన్న మాట పోలేదు. పేదవాణ్ణి తిప్పటానికి అంతకన్నా సులువైన మాట లేదు మరి. ఏ ఉత్తర్వు ప్రకారం అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి. చాలాచోట్ల ఆ మాట అక్కడే ఆగిపోతుంది. కోర్టులో వేసే ప్రమాణపత్రానికి కూడా నోటరీ ఒక్కడే దిక్కు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడు 139వ సెక్షను కోర్టునీ, మేజిస్ట్రేటునీ, నోటరీనీ ఒకే వరసలో నిలబెట్టింది.

కౌలు సంగతికి వద్దాం. మన డెల్టాలో దుక్కి దున్నేది ఒకరు, పాసు పుస్తకం ఇంకొకరిది. 2011 చట్టం రుణ అర్హత కార్డులు అన్నది. దాన్ని తీసేసి 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద కార్డు. ఆ ఒప్పందం జరగవలసింది గ్రామ రెవెన్యూ అధికారి సమక్షంలో. దానికి నోటరీ అవసరమే లేదు. భూమి హక్కు కామందుకి చెక్కుచెదరదని చట్టమే చెప్పింది. అయినా కామందులు సంతకం పెట్టరు. పెట్టకపోవటమే కాదు, కొందరు ఎదురు కాగితం అడుగుతారు: "నేను కౌలుదారుణ్ణి కాను, కూలికి సాగు చేస్తున్నాను" అని స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి ఇస్తేనే పొలం ఇస్తామంటారు. ముద్ర పడిందంటే మనవాళ్ల కాళ్లు చేతులు కట్టేసినట్టే అనుకుంటారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి కోసిన ఓదెలు నీళ్లలో తేలినప్పుడు పెట్టుబడి పోయింది కౌలుదారుడిది. పరిహారం అడగబోతే కార్డు ఏది అన్నారు. కార్డు లేకుండా చేసింది ఎవరు? అలాంటి ఎదురు కాగితం మీద వేలిముద్ర వేసేముందు సంఘానికి చూపించండి. పంట నమోదులో సాగు చేసేవాడి పేరు ఎక్కించమని రైతు సేవా కేంద్రంలో అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటరీ ముద్ర కన్నా ఆ అర్జీ నకలు మనకి ఎక్కువ అక్కరకొస్తుంది.

నోటరీ ముద్ర చేయలేని పనులు కూడా చెప్పాలి, ఎందుకంటే మోసం అక్కడే ఎక్కువ. దళితవాడల్లో డి-పట్టా భూములు, ఇళ్ల స్థలాలు "నోటరీ కాగితం" మీద చేతులు మారుతున్నాయి. కొన్నవాడు కూలి డబ్బు కూడబెట్టి కొంటాడు, అమ్మినవాడు అప్పు తీర్చటానికి అమ్ముతాడు, మధ్యవాడు బాగుపడతాడు. అసైన్డు భూమి అమ్మకం చెల్లదని 1977 చట్టం చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాదారుకి హక్కు కల్పిస్తూ 2023లో సవరించారు. దాని మాటున జరిగిన లావాదేవీల మీద 2024లో వచ్చిన ప్రభుత్వం పరిశీలన పెట్టింది. ఏదైనా దారి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మీదుగానే. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఆనాడే అన్నది. అమ్మకపు ఒప్పందం, జనరల్ పవరాఫ్ అటార్నీ చేతిలో పెట్టి జరిపే అమ్మకాలతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసులో తేల్చేసింది. నోటరీ చెప్పేది ఒక్కటే: ఈ మనిషి నా ఎదుట సంతకం పెట్టాడు అని. భూమి ఎవరిదో ఆయన చెప్పడు, చెప్పలేడు.

చదువురానివాళ్ల విషయం మరీ జాగ్రత్త. కాగితంలో ఏముందో తెలిసిన భాషలో చదివి వినిపించి, అర్థమైందని రాసుకున్నాకే ప్రమాణపత్రం మీద వేలిముద్ర తీసుకోవాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర అడిగేవాడు వడ్డీవ్యాపారి అయినా, మన కులపు పెద్ద అయినా, సంఘంలో తిరిగేవాడయినా సరే, వేయొద్దు.

మంచం పట్టిన ముసలివాళ్లని ఆటోలో పడుకోబెట్టి రిజిస్ట్రారు ఆఫీసుకి తెస్తున్నారు. అక్కర్లేదు. జబ్బుతో కదలలేనివాళ్లు ఆఫీసుకి రానక్కరలేదని, అధికారే ఇంటికి వెళ్లవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 31, 38 సెక్షన్లు చెబుతున్నాయి. సబ్ రిజిస్ట్రారు మంచం దగ్గరికి రావటానికి చట్టం ఒప్పుకున్నప్పుడు నోటరీ రచ్చబండ దగ్గరికి రావటానికి అభ్యంతరం ఏమిటి?

ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలు, స్త్రీలు, వికలాంగులకి ఆదాయంతో నిమిత్తం లేకుండా దక్కాలి. వ్యవసాయ కార్మికుల్లో ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు. కృష్ణా జిల్లా న్యాయసేవాధికార సంస్థ మచిలీపట్నంలో ఉంది. ఫోను నంబరు 15100. న్యాయ శిబిరాలు పెట్టటం దాని పనుల్లో ఒకటి. ఆ శిబిరానికి ఒక నోటరీని కూడా తీసుకురమ్మని అడగటమే మనం చేయవలసింది.

అందుకని పామర్రు మండలంలో ప్రతి శాఖా ఈ నెలలోనే పేర్లు రాయాలి. ఎవరికి ఏ కాగితం కావాలి, ఏ ఆఫీసు అడిగింది, ఏ తేదీన అడిగింది, ఇప్పటికి ఎన్నిసార్లు తిప్పారు, ఎంత ఖర్చయింది. నోటరీ అవసరం లేని పనులు విడిగా తీసి వాటి కోసం ఆ ఆఫీసు మీదకే వెళ్దాం. మిగిలిన పేర్లతో రెండు అర్జీలు రాయాలి, ఒకటి న్యాయసేవాధికార సంస్థకి, ఒకటి కలెక్టరుకి. సచివాలయం దగ్గర నెలకొక రోజు, కూలి లేని రోజు చూసి, సాయంత్రం పూట నోటరీ కూర్చోవాలని, ఫీజుల పట్టిక తెలుగులో కట్టాలని, రశీదు ఇవ్వాలని అందులో ఉండాలి. అర్జీల మీద వేలిముద్రల పక్కన పేర్లు కూడా రాయటం మరవొద్దు, లేకపోతే ఆ వంకతో తిప్పి పంపిస్తారు.