జన్యువు మార్పా, మారుమనస్సా?

జంతు ప్రదర్శనశాలను నడిపించే కంప్యూటర్ ఆటలంటే ఇప్పటి పిల్లలకు, యౌవనస్థులకు ఎంతో ఇష్టం. 2019లో వచ్చిన 'ప్లానెట్ జూ' ఆటలో ప్రతి జంతువుకూ ఆయుష్షు, సంతానశక్తి, రోగనిరోధకశక్తి వంటి జన్యు లక్షణాలుంటాయి. మంచి జతలను కలిపి పిల్లలను పుట్టించి, వాటిని అడవిలో వదిలితే పాయింట్లు వస్తాయి. అదే కంపెనీ 2018లో తెచ్చిన 'జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్' ఆటలోనైతే డైనోసార్ల జన్యువులనే మార్చుకోవచ్చు. రేపు పులి, ఖడ్గమృగాల జన్యువులను సవరించే ఆట వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఆటను ఆటగా ఆడితే మాకు అభ్యంతరం లేదు. జంతువుల మీద ప్రేమ పుట్టించే ఆట మంచిదే. అయితే జన్యువును సవరిస్తే చాలు, జాతి బతుకుతుందన్న తలంపు ఆటను దాటి పాలకుల మాటల్లోకి కూడా వచ్చింది. సంఘం గమనించవలసింది దీనిని.

2025 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన కొలోసల్ బయోసైన్సెస్ అనే కంపెనీ, 10 వేల ఏళ్లకు పూర్వమే అంతరించిన 'డైర్ వుల్ఫ్' అనే తోడేలును తిరిగి తెచ్చామని ప్రకటించి మూడు పిల్లలను చూపించింది. నిజానికి అవి మామూలు బూడిదరంగు తోడేలు కణాల్లో, 14 జన్యువులలో 20 మార్పులు చేసి పుట్టించినవి. అవి డైర్ వుల్ఫ్‌లు కావని ఐయూసీఎన్‌కు చెందిన నిపుణుల బృందం స్పష్టం చేసింది. కానీ ఈలోగానే అమెరికాలో వన్యప్రాణుల శాఖను చూసే మంత్రి డగ్ బర్గమ్, ఆంక్షల కంటే కొత్త ఆవిష్కరణలే మేలు అనే అర్థంలో మాట్లాడారు. మళ్లీ పుట్టించగలిగినప్పుడు చట్టమెందుకు, అడవి ఎందుకు అని అడగడానికి ఇక ఎంతో దూరం లేదు.

విజ్ఞానం మనకు శత్రువు కాదు. అమెరికాలో నల్లకాళ్ల ఫెర్రెట్ అనే చిన్న జంతువు ఉంది. ఒక దశలో వాటి వంశమంతా ఏడింటి మీదే నిలబడింది. 1988లో చనిపోయిన ఒక ఆడ ఫెర్రెట్ కణాలను శాస్త్రజ్ఞులు శీతలీకరించి దాచి, వాటి నుండి 2020 డిసెంబరులో క్లోనింగ్ ద్వారా 'ఎలిజబెత్ ఆన్' అనే పిల్లను పుట్టించారు. ఆ శ్రమను మేము అభినందిస్తున్నాము. అయితే ఫెర్రెట్లు తగ్గిపోయింది వాటి జన్యువులో లోపం వల్ల కాదు. వాటికి ఆహారమైన ప్రెయిరీ డాగ్‌లను మనుషులు విషం పెట్టి చంపారు, పచ్చిక మైదానాలను పొలాలుగా దున్నేశారు.

మన దేశంలో రాబందుల సంగతే చూడండి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిలోకి చేరి మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుండి సుమారు పదిహేనేళ్లలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి మించి తగ్గిపోయాయి. ఆ మందును తట్టుకునే రాబందును తయారుచేద్దామని ఈ రోజుల్లో ఎవరైనా అనవచ్చు. కానీ 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్నే నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ అందుబాటులో ఉంది. అంటే మారవలసింది రాబందు కాదు, మన అలవాటు. దీనికి మన భాషలో ఒక మాట ఉంది: మారుమనస్సు.

తోటను సేద్యం చేసి కాపాడే పని దేవుడు మనిషికి అప్పగించాడని ఆదికాండము 2:15 చెబుతోంది. జలప్రళయం వచ్చింది జంతువుల తప్పు వల్ల కాదు, నరుల చెడుతనం వల్ల. అయినా దేవుడు నోవహుతో జంతువులను మార్చమనలేదు, ప్రాణంతో కాపాడమన్నాడు. తరువాత చేసిన నిబంధనలో వాటినీ చేర్చాడు (ఆది. 9:10). ఆటలో జంతువు చనిపోతే దాచుకున్న ఆటను మళ్లీ తెరవవచ్చు. తండ్రికి తెలియకుండా ఒక్క పిచ్చుకైనా నేల రాలదని ప్రభువు చెప్పిన ఈ సృష్టిలో అలాంటి వీలు లేదు.

ఈ బాధ్యత మన ఇంటి దగ్గరా ఉంది. 1900 తరువాత కనబడక, అంతరించిందనుకున్న కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దానిని ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు. లంకమల ప్రాంతంలో చిట్టడవి మిగిలి ఉంది గనుక, ఆ పక్షీ మిగిలింది. ఆ పొదలను నరికేస్తే జన్యువు దాచి ఉంచినా, పుట్టిన పిల్లను ఎక్కడ వదులుతాం?

కాబట్టి తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోని ఆటను లాక్కోకండి. పక్కన కూర్చుని, ఈ జంతువు ఎందుకు తగ్గిపోయిందని అడగండి. సండే స్కూలు ఉపాధ్యాయులు నోవహు పాఠం చెప్పేటప్పుడు కలివి కోడిని, రాబందును కూడా తలచుకోవాలి. పశువులున్న విశ్వాసులు వైద్యుడిని, ఈ మందు రాబందులకు హాని చేయదు కదా అని ఒక్క మాట అడగాలి. దేవుడు మనకు అప్పగించిన ప్రాణులను ఆయనకు లెక్క చెప్పగలిగేలా కాపాడుకుందాం.