విమానాశ్రయానికి దారి ఎవరి కోసం?

హైదరాబాద్ విమానాశ్రయానికి మెట్రో ఏ వైపు నుంచి వెయ్యాలన్న చర్చ కొన్నేళ్ళుగా నడుస్తోంది. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు శంకుస్థాపన చేశారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కన పెట్టి పాతబస్తీ వైపు నుంచి తీసుకువెళ్తామన్నారు. ఈ రెండేళ్ళ వాదోపవాదాల్లో ఐ.టి. ఉద్యోగులు, పెట్టుబడులు, భూముల ధరలు అన్నీ వచ్చాయి. ఆ దారిలో రోజూ పనికి వెళ్ళే స్త్రీల ప్రస్తావన మాత్రం దాదాపు లేదు.

ఇది కొత్త సంగతి కాదు. 2008 మార్చి దాకా విమానాశ్రయం ఊరి నడుమ బేగంపేటలో ఉండేది. సిటీ బస్సులోనో, ఎం.ఎం.టి.ఎస్. రైల్లోనో దాని దగ్గర దిగే వీలుండేది. శంషాబాద్‌కు మారాక, మర్నాటి సంవత్సరం అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే కట్టారు. దానిమీద ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు. అంటే ఈ నగరంలో అత్యధిక స్త్రీలు ప్రయాణించే వాహనాలను మినహాయించి వేసిన దారి అది. పైన కార్లు విమానం అందుకోవడానికి పరుగెడుతుంటాయి. కింద అత్తాపూర్, ఉప్పర్‌పల్లి స్టాపుల్లో స్త్రీలు బస్సు కోసం నిలబడి ఉంటారు. మన అభివృద్ధి నమూనా ఎలాంటిదో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పురుషుడి ప్రయాణం ఎక్కువగా ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి సాగే తిన్నని గీత. స్త్రీ ప్రయాణం అలా ఉండదు. పిల్లను బడిలో దింపాలి, రేషన్ తేవాలి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, రెండిళ్ళలో పని చేసుకుని తిరిగి రావాలి. చిన్న చిన్న దూరాలు, ఎన్నో మజిలీలు. ఎక్స్‌ప్రెస్ వేలు, ఎయిర్‌పోర్ట్ మెట్రోలు ఆ తిన్నని గీత కోసమే పుట్టాయి.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం నిజంగా పెద్ద మార్పు. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. దీన్ని ఉచితాల పేరుతో వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇంట్లో ఎవర్నీ డబ్బులడగకుండా గడప దాటగలగడం చిన్న హక్కు కాదు. కానీ విమానాశ్రయానికి నడిచే పుష్పక్ బస్సులు ఈ పథకంలో లేవు. అక్కడికి వెళ్ళే స్త్రీ డబ్బున్నదే అయి ఉంటుందని మన ప్రణాళికల్లో ఒక ఊహ ఉంది.

ఆ ఊహ తప్పు. విమానాశ్రయాల్లో నేల తుడిచేది, మరుగుదొడ్లు కడిగేది, చుట్టుపక్కల హోటళ్ళలో గిన్నెలు తోమేది స్త్రీలే. విమానం ఎక్కేవాళ్ళలోనూ గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళల్లో పనికని గల్ఫ్‌కు వెళ్ళే స్త్రీలున్నారు. ముప్పై ఏళ్ళు నిండని స్త్రీ ఆ పనికి వెళ్ళకూడదని ఆమె రక్షణ కోసం నిబంధన పెట్టిన రాజ్యం, ఆమె అర్ధరాత్రి విమానాశ్రయం దాకా ఎలా చేరుతుందో ఆలోచించలేదు. తెలంగాణ చిరునామా లేదు కనుక హైదరాబాద్‌లో సిటీ బస్సు కూడా ఆమెకు ఉచితం కాదు.

భద్రత మాట వస్తే మనందరికీ 2019 నవంబర్ 27 రాత్రి గుర్తొస్తుంది. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ప్లాజా పక్కన స్కూటర్ ఆపుకుని పని మీద వెళ్ళిన ఒక యువ డాక్టరు తిరిగి ఇల్లు చేరలేదు. అక్టోబర్ 5న మొదలైన ఆర్.టి.సి. సమ్మెను కార్మికులు విరమించినా, ఆ రాత్రికి ఇంకా వాళ్ళను విధుల్లోకి తీసుకోలేదు. సమ్మె వల్లే ఆ ఘోరం జరిగిందని నేను అనడం లేదు. స్త్రీల భద్రత గురించి దేశమంతా మాట్లాడిన ఆ రోజుల్లో, బస్సు కూడా భద్రతేనని ఎంతమంది అన్నారు? డిసెంబర్ 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ కథ నమ్మదగినది కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. తుపాకీతో రోడ్డు మీద దీపం వెలగదు, చివరి బస్సు రాదు.

అందుకే మన సంఘాలు ఈ సమస్యను ప్రయాణ సౌకర్యంగా కాక పని హక్కుగా, నగరం మీద హక్కుగా చూడాలని నా అభిప్రాయం. మెట్రో ఎటు నుంచి వస్తుందన్న చర్చ తేలేదాకా ఆగనవసరం లేదు. షిఫ్టు మారే వేళలకు తగినట్టు తెల్లవారుజామున, రాత్రిపూట ఆర్డినరీ బస్సులు కావాలి. విమానాశ్రయానికి కనీసం ఒక తరగతి బస్సులోనైనా మహాలక్ష్మి వర్తించాలి. ప్రతి స్టాపులో దీపం, నీడ, మరుగుదొడ్డి ఉండాలి. రాత్రి పని చేయించుకునే కాంట్రాక్టరు స్త్రీలను ఇంటి గడప దాకా చేర్చాలి. మార్గాలు నిర్ణయించే సమావేశాల్లో నిపుణులతో పాటు ఊడ్చే స్త్రీ కూడా కూర్చోవాలి. ఏ వేళకు ఏ బస్సు రాదో ఏ సర్వే కన్నా ఆమెకే బాగా తెలుసు.